తెల్లగళ్ళ ఒంటె

ఐదో రౌండు. ముప్పై ఏడో బల్ల.
మలక్‌పేట బడిల, బాత్రూం తలుపు పక్కన.
పై బల్లల పిల్లలు ఎప్పుడో గెలిచి
మైదానంల క్రికెట్ ఆడుకుంటున్నరు.
ఇక్కడ మేం మిగిలినం
గిన్నె అడుగున చాయ్‌పత్తా లెక్క.

నాది జలమండలిల మీటర్ రీడింగు కొలువు.
చిక్కడపల్లి క్లబ్బుల శుక్రవారం శుక్రవారం ఆడుత.
ఆయన పేరు చీటీ మీద జహీరుద్దీన్ షుత్తారీ.
జాంబాగ్‌ల మిక్సీలు బాగుచేస్తడట,
గోళ్ళల్ల ఇంకా గ్రీజు.
బంటును జరిపినప్పుడల్లా
గడి నడుమ కూసోబెట్టి ఇంత తిప్పుతడు,
స్క్రూ బిగించినట్టు.

పందొమ్మిదో ఎత్తుల ఆయన గుర్రం ఉత్తగనే పోయింది.
ఉత్తగనే. ఏదన్న మతలబు ఉన్నదేమోనని
రెండుసార్లు చూసుకొని మరీ తీసుకున్న.
ఆయన "అరె" అని కూడా అనలే.
అద్దాలు తీసి చొక్కా కొసకు తుడుచుకున్నడు,
తప్పు అద్దాలదే అన్నట్టు.

అప్పటిసంది నేను ఆట ఆడలే.
శుక్రవారం క్లబ్బుల దీన్ని ఎట్ల చెప్పాల్నో
అదే ఆడిన.
"పైచెయ్యి ఉన్ననాడు అన్నీ మార్చుకో, బల్ల ఖాళీ చెయ్యి"
మా అనంతరాములు సార్ ఏండ్లసంది చెప్పేదే గదా.
మంత్రికి మంత్రి, ఏనుక్కు ఏనుగు,
పెండ్లి అయినంక టెంటుహౌసోళ్ళు కుర్చీలు ఎత్తినట్టు
ఒక్కొక్కటే ఎత్తేసిన.
మిగిలింది నా రాజు, నా ఒంటె,
అంచున ఒక్క బంటు.
ఆయనకు రాజు ఒక్కడే.

ఆ ఒక్కడు నడిచిండు.
ఓడిపోతానికి పోతున్నడనుకున్న.
ఒక్కో గడి, తొందర లేకుంట,
కూరగాయలకు పోయినోని లెక్క పోయి
నా బంటు చేరాల్సిన మూలల
ముందుగాలనే కూసున్నడు.
నల్లగడి అది.
నా ఒంటె పుట్టుకతోటి తెల్లగళ్ళ మీదనే నడుస్తది.
అరవై నాలుగుల సగం దానియే.
ఆ ఒక్కటి కాదు.

ఎండ కిటికీలకెల్లి దిగి బల్ల కాలు దాక వచ్చింది.
ఇటుకెల్లి వచ్చిన, అటుకెల్లి వచ్చిన,
ఒంటెను కొసకు పంపిన, వాపస్ పిలిచిన.
ఆయన మూలకు, పక్కకు, మళ్ళ మూలకు.
ఫ్లాస్కుల చాయ్ పోసుకుంటు
నా దిక్కు ఒక మూతెడు జరిపిండు.
ఆర్బిటరమ్మ వచ్చి, నిలబడి, ఆవులించి పోయింది.
ఎప్పటిసంది తెలుసో ఈ మనిషికి!
నేను ఏనుగులు మార్చుకుంటుంటే
మొఖమాటపడ్డట్టు, వద్దంటనే ఇచ్చినట్టు
ఇచ్చిండు గదా.

ఆఖరుకు తోసిన బంటును, తెగితే తెగనీ అని.
రాజుకు షా లేదు.
కదులుదామంటే గడి లేదు.
ఎవ్వరు సావలే.

కాగితం మీద చెరొక అర.
ఆయన ఉర్దూల, నేను తెలుగుల సంతకాలు పెట్టినం.
"ఊంట్ తో అచ్ఛాచ్ థా సాబ్" అన్నడు,
"రంగ్ గలత్ హో గయా."
నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది,
ఏది ముందొచ్చిందో యాదికిలే.
చాయ్ మూత తుడిచి ఇచ్చేసిన.

సోమవారం. సైదాబాద్ సందుల పద్నాలుగో ఇల్లు.
గేటుకు లోపటికెల్లి గొళ్ళెం.
మీటరు గోడ అవతల, మందారం చెట్టు కింద,
సగం మూత కనవడుతనే ఉన్నది.
లోపల కుక్కర్ కూసింది.
ఎవరో చెప్పులు ఈడ్చుకుంట వచ్చి
తలుపు దాక వచ్చి ఆగిన్రు.
రెండుసార్లు కొట్టిన.
మూడోసారికి చెయ్యి ఎత్తి, ఎందుకో దించిన.
చేతి మిషన్ల "డోర్ లాక్" అని కొట్టి
పదిహేనో ఇంటికి నడిచిన.